పన్నెండు నాగజెముడు ఆకులతో పాలమూరు దాకా

నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఎడ్లబండి మీద పోయివచ్చానంటే పట్నంలో మిత్రులందరూ ఒకటే అడిగారు: "అక్కడ చూడ్డానికి ఏమున్నదయ్యా?" ముళ్లున్నాయి. గుట్టలున్నాయి, గుట్టల మీద పాత కోటలున్నాయి, కోటల కింద ఎండిన చేలున్నాయి. కానీ నేను పోయింది ముళ్లు చూడ్డానికే. సర్కారు జీతమిచ్చి మరీ పంపింది. తిరిగి వచ్చి నెల దాటింది. అరచేతిలోని ఆఖరి ముల్లు మొన్న ఊడింది. గుండెలో ఉన్నది నిన్న ఊడింది. అందుకే ఇవాళ తీరిగ్గా రాయడానికి కూర్చున్నాను.

బుట్ట సంగతి

నేను డ్రాయింగు పంతుల్ని. చెట్ల గురించి నాకు తెలిసింది వాటి నీడ ఎటు గీయాలన్నంత వరకే. బయటి దేశాల నుంచి వచ్చి మన రాజ్యంలో పాతుకుపోయిన మొక్కలు ఎక్కడెక్కడ ఎంత పాకాయో రాసుకురావాలని ఒక కచేరీ వారు ఇద్దరిని పెట్టుకున్నారు. ఒకాయన శాస్త్రం తెలిసినవాడు, రెండోవాణ్ని బొమ్మలు గీసే నేను. బయలుదేరే ముందురోజు శాస్త్రానికి చలిజ్వరం వచ్చింది. బొమ్మ ఒక్కటే బండెక్కింది.

కచేరీ పెద్దసారు నా చేతికి ఫారాల కట్ట, ఒక భూతద్దం, ఒక వెదురుబుట్ట ఇచ్చారు. ఫారంలో రెండే గడులు: ముల్కీ, గైర్ ముల్కీ. ఈ రాజ్యంలో కొలువుకు అర్జీ పెట్టినవాళ్లకు ఆ మాటలు విప్పి చెప్పనక్కర్లేదు. ఇక్కడివాడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ. బయటివాడైనా పదిహేనేండ్లు ఇక్కడ కాపురముంటే ముల్కీ అనిపించుకోవచ్చు. ఆ కాగితం కోసం నేనూ తాలూకా కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాణ్నే. ఇప్పుడు చెట్ల వంతు వచ్చింది. వాటికి చెప్పుల ఖర్చన్నా లేదు.

బుట్టలో ఎండుగడ్డి నడుమ పన్నెండు నాగజెముడు ఆకులు, ఒక్కొక్కటి అరచేయి వెడల్పున, దళసరిగా ఉన్నాయి. వాటి మీద బూజు పట్టినట్టు తెల్లతెల్లగా అంటుకుని ఉన్నవి పురుగులు. ఆ పురుగు నాగజెముడును తప్ప దేన్నీ ముట్టదట. రసం పీల్చి పీల్చి పొదలకు పొదలనే కూల్చేస్తుందట. మద్రాసు వైపు ముళ్లలో మునిగిపోయిన పొలాలను అదే విడిపించిందట. గాలివాటున ఒక పొద నుంచి ఇంకో పొదకు తనే పాకిపోతుంది.

"దేవరకొండ దాటినంక, అన్నిటికన్న దట్టంగ ఉన్నచోట వదిలిరా," అన్నారు పెద్దసారు. "ఒక్కచోటనే. యుద్ధం రోజులు, మళ్లీ తెప్పించడం నా వల్ల కాదు. పురుగులని తెలిస్తే జనం బెదురుతరు. ఎవరన్న అడిగితే సర్కారు సామాను అను."

ఈ పని సరిగ్గా చేసుకొస్తే కొలువు ఖాయం చేస్తామన్నారు. సరేనన్నాను. బుట్ట బరువు సేరు కూడా లేదు. దారి పొడుగునా అది ఎట్లా పెరిగిందో ముందు ముందు చెప్తాను.

కట్టంగూరులో కారం

బొగ్గుతో నడిచే బస్సు కట్టంగూరు దగ్గర దమ్ము తీసుకోవడానికి ఆగింది. రోడ్డు పక్కన నర్సమ్మ అనే ఆమె పూటకూళ్ల ఇల్లు నడుపుతోంది. రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, మిరపతొక్కు కలిపి రెండణాలు. మాది గోదావరి ఒడ్డున మంథని వైపు. మాకు అన్నమంటే వరి అన్నమే, జొన్నరొట్టె జ్వరం తగ్గాక పెట్టే పథ్యం. ఇక్కడ వరి అన్నం పండగకు, రొట్టె ప్రాణానికి. ఆమె రొట్టెను రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు చేస్తుంటే నా చిన్ననాటి పథ్యాలన్నీ సిగ్గుపడ్డాయి.

కొలువు గుర్తొచ్చి ఫారం తీశాను. "మీ వైపు బయటి దేశం నుంచి వచ్చినయి ఏమున్నయమ్మా?"

"నువ్వొచ్చినవ్," అన్నది నర్సమ్మ.

"నేను కాదు, చెట్లు. ఇప్పుడు ఈ మిరపకాయ ఉన్నది చూడు, ఇది మనది కాదు. ఓడల మీద వచ్చింది."

రొట్టె చప్పుడు ఆగిపోయింది. "మిరపకాయ మనది కాదా? మరి మీ తాతలు పులుసుల ఏమేసుకున్నరు?"

"మిరియాలు."

"అందుకే పోయిండ్రు పాపం," అని ఆమె ఇంకో చెంచాడు తొక్కు నా రొట్టె మీద వేసింది. "సారూ, దాన్ని గైర్ ముల్కీ అని రాస్తివనుకో, మల్లొచ్చినప్పుడు నీకు సప్పటి కూడే పెడ్త. నీ కాయితం నంజుకొని తిను."

మిరపకాయను ఏ గడిలో వేయాలో తేలక రెండు చెంబుల నీళ్లు తాగాను. సందేహం తీరలేదు, మంటా తీరలేదు.

నల్లగొండ: సర్కారు పేరున్న ముల్లు

నల్లగొండ చుట్టూ సర్కారు తుమ్మ బాగా అల్లుకుంది. వంటచెరుకు మోపు దించుకుని నిలబడ్డ ఒకామెను దానికా పేరెందుకు వచ్చిందని అడిగాను. "అడగకుంటనే వచ్చింది, పొమ్మంటే పోతలేదు, దగ్గరికి పోతె గుచ్చుతది. ఇంకేం పేరు పెడ్తం సారూ?" అన్నది. నా నెత్తి మీది సర్కారు టోపీ చూసి నాలిక్కరుచుకుంది. నేను ఆ మాటను ఫారంలో 'స్థానిక అభిప్రాయం' కింద ఎక్కించాను. అర్థం మాత్రం ఎక్కించలేదు.

ఇక్కడే లచ్చయ్య బండి కిరాయికి మాట్లాడుకున్నాను. లచ్చయ్యకు యాభై ఉంటాయి. రెండెడ్లు, కర్రెద్దు, మైలెద్దు. ఆయన వాటితో మాట్లాడినంతసేపు నాతో మాట్లాడేవాడు కాదు, వాటితో మాట్లాడినంత మర్యాదగా కూడా కాదు. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తున నిలిచిపోయింది. చొప్ప ఎక్కడా దొరకడం లేదని ఆయన దిగులు.

"గా బుట్టల ఏమున్నది సారూ?"

"సర్కారు సామాను."

"సర్కారు సామానైతె తాళమేస్తరు గద. గడ్డి కప్పిండ్రేంది?"

నేను గుట్టల బొమ్మ గీయడంలో పడ్డాను. ఆయన బుట్టవైపు ఓరగా చూసి, తల ఊపి, తనకేదో అర్థమైనట్టు ఊరుకున్నాడు. ఆ అర్థమైందేమిటో అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

దేవరకొండ: మూడెకరాల ముల్లు

కోట గుట్ట కింద సీతాఫలాల గంపలు వరసగా పెట్టారు. అణాకు ఒడి నిండా పోశారు. ఆ చెట్టు కూడా సముద్రం దాటి వచ్చిందనే చెప్తారు శాస్త్రం తెలిసినవాళ్లు. నేను ఆ సంగతి అమ్మేవాళ్ల దగ్గర ఎత్తలేదు. సీతమ్మ పేరు పెట్టుకున్న పండును పట్టుకుని 'నీ ఊరేది?' అని అడగడానికి నేనేమంత మొనగాణ్ని? గింజలు ఉమ్ముకుంటూ ముందుకు సాగాను.

ఊరు దాటాక రాళ్ల నేలలో ఒక మొగుడూ పెళ్లామూ గడ్డపారలతో నాగజెముడు తవ్వుతున్నారు. అతని పేరు ఏసోబు, ఆమె సుందరమ్మ. ఏండ్ల తరబడి ఒకరి దగ్గర పాలేరుగా జీతముండి, ఈమధ్యనే మూడెకరాల జాగా సంపాదించుకున్నారు. మూడెకరాలు కాగితం మీద. నేల మీద అరెకరం కూడా కనిపించడం లేదు, మిగతాదంతా జెముడు.

మంచినీళ్లు అడిగాను. సుందరమ్మ మొగుడి మొహం చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా ఊళ్లోనూ ఉంది.

"మా నీళ్లు తాగుతరా సారూ?" అన్నాడు ఏసోబు.

"దప్పికైతే తాగరా?" అన్నాను. తాగాను. చల్లగా ఉన్నాయి. ఆమె ఇంకో చెంబు తెచ్చింది.

"తవ్వి అవతల పారేస్తె పారేసిన తాన మొలుస్తాంది," అన్నాడు ఏసోబు, మోచేతుల దాకా ఉన్న గీతలు చూపిస్తూ. "కాలిస్తె పైన మాడుతది, కింద నవ్వుతది. వచ్చే వానల కల్ల ఇత్తనం పడకపోతె మల్ల జీతానికే పోవాలె. పెద్ద కచేరీల పని చేస్తరంటిరి. దీనికేమన్న మందున్నదా సారూ?"

మందు ఆరడుగుల దూరంలో బండి నొగకు వేలాడుతోంది. కానీ నాకిచ్చిన ఆర్డరు అన్నిటికన్నా దట్టమైన చోటుకు. ఒక్కచోటుకే. మూడెకరాలు ఏపాటి దట్టం?

"ఆఫీసుకు రాస్తాను," అన్నాను.

సుందరమ్మ మళ్లీ గడ్డపార ఎత్తింది. ఆ మాట ఆమె ఇంతకుముందు చాలాసార్లు విన్నట్టుంది.

దడి లోపల

మర్నాడు పన్నెండు మైళ్లు పడమటికి పోయాక, గుట్ట వాలులో కనబడింది పచ్చటి గోడ. మనిషి కన్నా ఎత్తు, పిల్లి కూడా దూరలేనంత దట్టం. ఇంతకన్నా దట్టమైంది ఈ రెండు జిల్లాల్లో ఉండదని బండిలోనే లేచి నిలబడ్డాను. తల బండి గూడుకు తగిలింది. నొప్పి తెలియలేదు. కొలువు ఖాయమైనట్టే ఉంది.

దగ్గరికి పోయేసరికి గోడ లోపలి నుంచి గొర్రెల అరుపులు వినబడ్డాయి.

అది పొద కాదు, దడి. అయిదారు గుడిసెలూ వాటి నడుమ గొర్రెల దొడ్డీ, వాటన్నిటి చుట్టూ గుండ్రంగా నాగజెముడు. దారికి ఒక్కటే సందు, దానికి తుమ్మకంప అడ్డం. కంప లాగి లోపలికి పిలిచినామె మల్లవ్వ. అరవై దాటి ఉంటాయి. నల్ల గొంగడి భుజాన, చేతిలో కదురు. మాట్లాడుతున్నంతసేపూ ఉన్ని వడుకుతూనే ఉంది.

"ఈ దడి ఎవరు పెట్టారవ్వా?"

"మా అత్త. నేను కొత్తగ కాపురానికొచ్చిన ఏడు. గంతకుముందు తుమ్మకంపనే ఉండె. తోడేండ్లు కంప నూకి లోపలికొస్తుండె. గా వానకాలం సగం గొర్రెపిల్లల్ని ఎత్కపోయినయ్. అడ్డంబొయిన మా మామను పిక్క పట్టి గుంజినయ్. ఆయన మల్ల నడువలే. అప్పుడు మా అత్త దేవరకొండ దిక్కుకెల్లి గంపెడు ఆకులు నెత్తిన మోసుకొచ్చి నాటింది. మూడేండ్లకు ఎదిగింది. గప్పటి సంది ఒక్క పిల్ల పోలే."

నేను భూతద్దం పైకి కిందికి తిప్పుతూ కూర్చున్నాను. ఆమె పక్కనున్న ఎర్రటి జెముడు పండ్లు నా ముందుకు తోసింది. ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఒకటి తీసి కొరికాను. పండు తియ్యగా ఉంది. దాని మీది నూగుముళ్లు నాలుక మీదికి మారాయి. మా వైపు పండును కడిగి తింటారు. ఇక్కడ గొంగడి మీద దొర్లించి, ముళ్లన్నీ ఉన్నికి అంటించి తింటారట. ఆ సంగతి నాలుక బయటపెట్టి కూర్చున్నాక తెలిసింది. మల్లవ్వ గొంగడి కొసతో నా నాలుకను తుడుస్తుంటే ఆమె కోడళ్లిద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అయినా ఆ గంటసేపు మాట్లాడలేకపోవడం నాకు మేలే అనిపించింది. మాట్లాడగలిగితే నిజం చెప్పాల్సి వచ్చేది.

బుట్టను దడి వారన నీడలో పెట్టి, దడి పొడుగు కొలుచుకుంటూ పోయాను. అడుగులు లెక్కపెడుతున్నాను, మనసు ఇంకేదో లెక్కపెడుతోంది. ఇక్కడ వదిలితే కొలువు, వదలకపోతే పురుగులు బుట్టలోనే చస్తాయి. దగ్గర్లోని వాగు అవతల వదిలినా గాలి ఇటే వీస్తోంది. అడుగుల లెక్క మూడుసార్లు తప్పింది.

పొద్దు వాలుతుండగా వెనక్కి వచ్చాను. దడి పక్కన మంట. లచ్చయ్య కూచుని నవ్వుతున్నాడు. కర్రెద్దు మూతి ఎర్రగా ఉంది. మైలెద్దు మూతీ ఎర్రగా ఉంది. పండ్లు తిన్నాయేమో అనుకున్నాను. మల్లవ్వ చేతులూ మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆమె పక్కన నా బుట్ట బోర్లించి ఉంది.

"ఏమయ్యా పంతులూ," అని ఆమె నన్ను చూస్తూనే అందుకుంది, "గిదేనా నీ ఎడ్ల మేత? నోరులేని జీవాలకు గిసొంటి బూజు పట్టిన ఆకులు పెడ్తవా? నాకే సిగ్గయింది. మంట మీద ముళ్లూ బూజూ కాల్చి, మా దడిల మంచియి నాలుగు కోసి కలిపి పెట్టిన. సూడు, ఎట్ల నాకుతున్నయో!"

కరువులో ఈ నేల మీద నాగజెముడు కాల్చి పశువులకు పెట్టడం మామూలేనట. దూరం పోయే బండ్లవాళ్లు నాలుగాకులు వెంట పెట్టుకుని పోతారట. నా బుట్టలో ఉన్నది ఎడ్ల మేత అని లచ్చయ్యకు నల్లగొండలోనే 'అర్థమైంది'. ఇంకో ఆచారం కూడా ఉంది. మా వైపు ఇంటికొచ్చిన చుట్టానికి ముందు కాళ్లకు నీళ్లిస్తారు. ఇక్కడ ముందు చుట్టం ఎడ్లు తినాలి, ఆ తర్వాతే చుట్టానికి కంచం. నా కంచం ఆలస్యం కాకూడదని ఆమె తొందరపడింది.

"ఎన్ని?" అన్నాను. ముళ్ల నాలుకతో అది ఎట్లా పలికిందో తెలియదు.

"పది పెట్టినం," అన్నాడు లచ్చయ్య. "రెండు పొద్దటికి దాచిన. ఫికర్ చెయ్యకుండ్రి సారూ."

సముద్రాలు దాటి, రైళ్లెక్కి, రెండు రాజ్యాల సంతకాలతో వచ్చిన పురుగులను కర్రెద్దు నెమరేస్తోంది. కూలబడ్డాను. అప్పుడు చెప్పక తప్పలేదు. చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా.

నేను చెబుతుంటే మళ్లీ అందుకున్న కదురు మల్లవ్వ చేతిలో ఆగింది. మాటల నడుమ అది ఆగడం నేను చూడడం అదే మొదలు. "ఆకులు పట్టుకుంటె నెత్తురు కారినప్పుడే అనుకున్న, గిదేం బూజో అని," అన్నది. తర్వాత మెల్లగా అడిగింది: "యాడ వదులుమన్నరు?"

"అన్నిటికన్నా దట్టంగా ఉన్నచోట."

ఆమె తల తిప్పి దడిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. లేచి వెళ్లి నాకు జొన్న గటక, మజ్జిగ తెచ్చి పెట్టింది. దడిని చంపడానికి వచ్చినవాడికి కూడా కంచం పెట్టడం నేనెక్కడా చూడలేదు.

తింటుండగా ఎదురుగా కూర్చుని అన్నది: "నీ కాయితంల ఏం రాస్తరు కొడుకా దీన్ని?"

"గైర్ ముల్కీ."

"ఎన్నేండ్లుంటె ముల్కీ అయితరు?"

"పదిహేను."

"మా పెద్దోడికి ముప్పయ్యారు. వాడు పుట్టకముందుది గీ దడి," అన్నది. అంతే. నాకు ముల్కీ కాగితం ఇచ్చిన తాసీల్దారు కూడా ఇంత సూటిగా లెక్క వేయలేదు.

అప్పుడే ఇంకో భయం పట్టుకుంది. బుట్ట బోర్లించింది దడి వారనే. పది ఆకులూ మంటలో పడ్డాయి, కానీ రాలిన పురుగులు? ఒక్కటి పాకినా చాలు. చెప్పగానే మల్లవ్వ లేచింది, కానీ వెలుతురు పోయింది.

తెల్లవారి సూర్యుడు గుట్ట మీదికి రాగానే భూతద్దంతో దడి ముందు నిలబడ్డాను. ప్రతి ముల్లుకూ తెల్లటి బూజు! ఆ మూల నుంచి ఈ మూల దాకా!

"ఉన్ని సారూ, ఉన్ని," అని పెద్దకోడలు నవ్వింది. తెల్ల గొర్రెలు దడికి ఒళ్లు రాసుకున్నప్పుడల్లా ముళ్లకు బొచ్చు అంటుకుంటుంది. భూతద్దంలో కూడా ఒకదాన్నుంచి ఇంకొకటి పోల్చుకోవడం నా తరం కాలేదు. మల్లవ్వ పోల్చింది, ఆమెకు అద్దం అవసరం పడలేదు. బొటనవేలితో, చూపుడువేలితో నొక్కేది. "తెల్లగుంటె మాది, ఎర్రగైతె నీది," అన్నది.

అందరం నొక్కడం మొదలుపెట్టాం. లచ్చయ్య కూడా వచ్చాడు, ఎడ్లతో మాట్లాడడం మానేసి. నొక్కి నొక్కి నా అరచేతుల నిండా ముళ్లు దిగాయి. బుట్ట పెట్టిన చోట, కింది ఆకు మీద ఒకటి చిట్లి ఎర్రగా కారింది. దాని పక్కన ఇంకో రెండు. మల్లవ్వ కొడవలితో ఆ ఆకులు, వాటి చుట్టూ ఉన్నవి, మొత్తం ఒక చాటంత మేర కోసి మంటలో వేసింది. సందు పడ్డచోట తుమ్మకంప కుక్కారు. ఆ తర్వాత పొద్దు నడినెత్తికొచ్చేదాకా నొక్కాం. అన్నీ తెల్లవే.

"ఇగ లేవు," అన్నది ఆమె.

"ఉంటే?"

"ఉంటె నొక్కుత. పొద్దుగాల గొర్లు విడిచేటప్పుడు గిట్ల ఒక చుట్టు తిరిగితె సరిపాయె. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

పెట్టుకోనన్నాను. పెట్టుకున్నాను.

వెనక్కి పన్నెండు మైళ్లు

మిగిలిన రెండాకులను లచ్చయ్య నా చేతికిస్తూ, "వీటిని గూడ కాల్చి పెడ్దునా?" అన్నాడు. కర్రెద్దు ఆశగా చూసింది.

"బండి వెనక్కి తిప్పు," అన్నాను.

ఆయన నన్ను కాదు, ఎడ్లను అడిగాడు: "విన్నరార్రా? పాలమూరు గిటుంటె అటు పొమ్మంటాండు పంతులు."

ఏసోబు చేను దగ్గర గడ్డపారల చప్పుడు దూరం నుంచే వినబడింది. బుట్ట దించి, ఆకులు తీసి, ఎట్లా కట్టాలో చూపించాను. పొద నడుమ రెండుచోట్ల నారతో కట్టాం. ఏసోబు వంగి ఆ తెల్లటి నూగును చాలాసేపు చూశాడు.

"మందు ఇదేనా? మొన్న గూడ ఉండెనా మీ బండిల?"

"ఉండె."

"మరి మొన్ననే ఇయ్యకపోతిరా సారూ!"

"మొన్న ఇది సర్కారు సామాను," అన్నాను.

సుందరమ్మ మొదటిసారి నవ్వింది. నీళ్ల చెంబు ఈసారి మొగుడి మొహం చూడకుండానే తెచ్చింది.

ఇవి ఎన్నాళ్లకు పొదను పడేస్తాయో నాకు తెలియదని చెప్పాను. అది నిజం. పడమటి గుట్టల వైపు ఎవరికీ ఒక్కాకు కూడా ఇవ్వొద్దని, అక్కడ మల్లవ్వ దడి ఉందని చెప్పాను.

"గొర్ల మల్లవ్వనా?" అన్నాడు ఏసోబు, భుజం మీది గొంగడి చూపిస్తూ. "గిది ఆమె నేసిందే. ఆమె దడి జోలికి నేనెందుకు పోత సారూ? నడుమ వాగున్నది, రెండు గుట్టలున్నయ్. అటు దిక్కు పొదలు నేనే ముందుగాల నరికేస్త, పురుగుకు దారి దొరకకుండ."

గుట్ట దిగుతుంటే బుట్ట ఖాళీగా ఊగుతోంది. బయలుదేరిన తర్వాత దాని బరువు నాకు తెలియకపోవడం అదే మొదటిసారి.

పాలమూరు

మిగతా దారి మీద రాయడానికి పెద్దగా లేదు, బండి ఇరుసు ఒకసారి, నా నడుము రెండుసార్లు పట్టేశాయన్నది తప్ప. పాలమూరులో లచ్చయ్య నన్ను స్టేషను దగ్గర దించి, నా చేత ఎడ్లకు కూడా వీడ్కోలు చెప్పించాడు. కాలణాకు పొట్లం నిండా వేయించిన పల్లీలు వచ్చాయి. పల్లీ కూడా సముద్రం దాటి వచ్చిందే. తింటూ ఫారాలు ముందేసుకున్నాను.

మిరపకాయ దగ్గర నర్సమ్మకు భయపడి ముల్కీ అని రాశాను. సర్కారు తుమ్మను గైర్ ముల్కీ గడిలో వేశాను, ఆ మోపు ఆమె కూడా ఒప్పుకునేది. నాగజెముడు దగ్గర కలం ఆగింది. చివరికి రెండు గడులూ నింపాను: ఏసోబు చేనులో ఉన్నది గైర్ ముల్కీ, మల్లవ్వ దడిలో ఉన్నది ముల్కీ. పక్కన దడి బొమ్మ గీశాను. ముళ్లకు ఉన్ని కూడా గీశాను. కాగితం అంచున మల్లవ్వ వేలి ఎరుపు కొంచెం అంటుకుని ఉంది. అది ముద్రలాగే కనబడింది.

పట్నంలో పెద్దసారు ఫారం మొత్తం చదివారు. నేను కిటికీలోంచి వేపచెట్టు చూస్తూ నిలబడ్డాను. కనీసం అదన్నా ముల్కీయే కదా అనుకుంటూ.

"పది ఆకులు ఎడ్లు తిన్నయా?"

"తిన్నయి సార్."

"ఎడ్లకు ఏమన్న అయిందా?"

"లేదు సార్. ఇంకా ఉన్నయా అన్నట్టు చూసినయి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "దట్టమైన చోటు అన్నాను గాని, ఆ చోట ఎవరన్న ఉంటారా అని నేనూ ఆలోచించలేదు," అన్నారు. "ఏసోబు చేను ఎట్ల ఉందో ఆర్నెల్లకొకసారి పోయి చూసిరా." అంటే కొలువు ఉన్నట్టే. ఇంటికి నడిచే వచ్చాను, దారిలో చెట్లన్నిటినీ ఊరడగకుండా పలకరిస్తూ.

కానీ రాత్రుళ్లు కళ్లు మూస్తే ముళ్ల మీద తెల్లటి బూజే కనబడేది. ఏది ఉన్నో, ఏది కాదో నేనైతే పోల్చలేను. ఒక్కటి మల్లవ్వ కళ్లు తప్పించుకున్నా సరే, ఆ దడి పోతుంది. తోడేళ్లకు ముల్కీ, గైర్ ముల్కీ తేడా ఉండదు.

నిన్న లచ్చయ్య పల్లీల మూటలు వేసుకుని పట్నం వచ్చాడు. వచ్చే దారిలో మల్లవ్వ పల్లె దగ్గర ఆగాడట. నన్ను చూడగానే ధోవతి కొసన కట్టిన చిన్న ముడి విప్పి, నా అరచేతిలో తెల్లటి పింజ ఒకటి పెట్టాడు.

"మల్లవ్వ పంపింది. దడి ముళ్లకు అంటుకున్నదే. దినాం దడి చుట్టు తిరుగుతాందట. నొక్కుతనే ఉన్నదట. ఒక్కటి గూడ ఎర్రగ కాలేదని చెప్పుమన్నది. సందు పడ్డ కాడ కొత్త ఆకు ఏసింది సారూ, నేనే చూసిన. ఇంకోటి గూడ అన్నది."

"ఏమన్నది?"

"పంతులుకు నమ్మకం సాలదు, నొక్కి సూసుకొమ్మను అన్నది."

నాకు కొంచెం రోషం వచ్చింది. అంత నమ్మకం లేనివాణ్నా? లచ్చయ్య ఎడ్లకు నీళ్లు పెట్టడానికి అటు తిరిగాడు. ఆ పింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కాను.

వేళ్లకు ఏ రంగూ అంటలేదు.